పగటి బలం

యానాంలో గౌతమి గట్టున టీ గ్లాసు పట్టుకుని కూర్చున్న ఓ సినిమా అభిమానిని ఊహించుకోండి. పొద్దున్నే అతని గొడవంతా ఒక్కటే: 'హనుమాన్‌' రెండో భాగం ఎలా ఉండాలి?

ప్రశాంత్ వర్మ తీసిన మొదటి సినిమా 2024 జనవరి 12న సంక్రాంతి పోటీలోకి దిగింది. అంజనాద్రి అనే ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసే హనుమంతుకు నీళ్లలో ఒక మణి దొరుకుతుంది. దానిలోంచి ఎండ సోకితేనే బలం. పొద్దు గూకితే మళ్లీ మామూలు కుర్రాడే! అభిమానికి తెగ నచ్చింది ఈ లోటే.

రెండో భాగం 'జై హనుమాన్‌'లో సాక్షాత్తూ హనుమంతుడే కథానాయకుడు. ఆ వేషంలో రిషబ్ శెట్టి రూపాన్ని 2024 అక్టోబరులో చూపించారు. బెంగ అక్కడే మొదలైంది. దేవుడికి ఓడిపోతానన్న భయం ఎక్కడిది?

జవాబు రామాయణంలోనే ఉంది. శాపంవల్ల తన బలం తానే మరిచిన హనుమంతుడికి సముద్రపు ఒడ్డున జాంబవంతుడు గుర్తుచేయాల్సి వచ్చింది. 2004 నాటి 'స్పైడర్‌మ్యాన్‌ 2' పట్టు కూడా ఇలాంటిదే: పిజ్జాలు వేళకు అందించలేక వీరుడి ఉద్యోగం ఊడుతుంది, ఆపైన శక్తులూ మొరాయిస్తాయి.

ఈ సూపర్‌హీరోల పిచ్చి మనకు కొత్తదీ కాదు. 1980లోనే ఎన్టీఆర్ 'సూపర్‌మ్యాన్‌'గా ఎగిరారు.

గ్రాఫిక్స్ ఎంతైనా పెంచుకోండి, ఫర్వాలేదంటాడు అభిమాని. కానీ మొదటి భాగంలో పెళ్లికూతురి ముస్తాబులోనే కొబ్బరికాయల గెల ఎత్తిన హనుమంతు అక్క అంజమ్మ లాంటి మనిషి మాత్రం ఒకరు ఉండి తీరాలట. కొబ్బరితోటల నడుమ పెరిగినవాడు మరి!