ఈ కోపము ఎవరి నిమిత్తము?

కోపము వచ్చినప్పుడు అది ఎవరి నిమిత్తము వచ్చినదో పరీక్షించుకొనుడి. తనకు నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోగా యోనా కోపించెను. నీనెవెలోని 1,20,000కు మించిన జనుల కొరకు అతని మనస్సు కరగలేదు.

మార్కు సువార్త 3వ అధ్యాయములో ప్రభువును చూడుడి. ఊచచెయ్యిగలవాని బాధను లెక్కచేయక, విశ్రాంతిదినమున స్వస్థపరచినయెడల నేరము మోపవలెనని పొంచియున్న వారిమీద ఆయన కోపించెను. అయితే వారి కఠిన హృదయములనుబట్టి దుఃఖపడెను కూడ. ఆ కోపము ఎవరినీ కొట్టలేదు. ఆ చెయ్యి బాగుపడెను. తన ముఖముమీద ఉమ్మివేసినప్పుడో, ఆయన సహించెను.

మన పొలము గట్టు జానెడు జరిగినయెడల మండిపడుదుము. పేద విధవరాలి గట్టు జరిగినయెడల నోరు మెదపము. ఇది యోనా కోపము కాదా? మన గట్టు కొరకైన పగను ప్రార్థనలో విడిచిపెట్టుదము. ఆమె పక్షమున పెద్దలయొద్దకు వెళ్లుదము. గట్టు జరిపినవాని ఆత్మకొరకు దుఃఖించుచు వెళ్లుదము.