పాటదారు లేని నీరు

మన మైలవరము వైపు చెరువులలో చేపలకు పాట పెట్టుదురు. పాటదారుని సెలవు లేక గాలము వేయరాదు. మచిలీపట్నము దగ్గర మంగినపూడి తీరమున సముద్రమునకు పాటదారుడు లేడు. పోటు వేళ రొయ్యను ఎరగా గుచ్చి, సీసపు గుండు కట్టి, అలల మీదుగా విసరుట క్రొత్తవాడును త్వరలోనే నేర్చుకొనును. అయితే ఇంకను గ్రుడ్లు పెట్టని పిల్లచేప తగిలిన యెడల ఏమి చేయవలెను?

ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు ప్రభుత్వము వేట నిషేధించునది మరపడవలకే. గట్టున నిలిచినవానికి మనస్సాక్షియే కావలి. పిల్లలను తీసికొనువాడు తల్లిపక్షిని విడువవలెనని ధర్మశాస్త్రము విధించెను (ద్వితీ. 22:6, 7). పట్టుకొను హక్కు వేరు, ఏమియు మిగల్చక తీసికొనుట వేరు. గనుక చేయి తడిపి, గాలము మెల్లగా తీసి, పిల్లచేపను నీట విడువుడి. పేతురు గాలమునకు తగులు చేప నోట ప్రభువు చూపిన నాణెము ఇద్దరి పన్నుకే సరిపోయెను (మత్తయి 17:27). అంతకు మించి లేదు.