ఎవరిమీద కోపపడవలెను?



మనకు అన్యాయము చేసినవాడు కంటికి కనబడనప్పుడు, కంటికి కనబడినవానిమీద కోపపడుట న్యాయమేనా? ఈ ప్రశ్న గొప్ప గ్రంథములలోనుండి మాకు రాలేదు. హైదరాబాదు అంబర్‌పేటలో, ఒక మేడమీద మండుటెండలో నిలిచియుండగా వచ్చినది.

మా అక్కయ్య అక్కడ అద్దెయింట కాపురమున్నది. బావగారు గతించిన తరువాత ఆమెకు సాయంకాలములు దీర్ఘములాయెను. చూపు మందగించినందున చదువు సాగదు. కాబట్టి డిష్ పెట్టించుకొని తెలుగు ఛానెళ్లు చూడగోరెను. చిన్న కోరికయే. మేము ఊరినుండి వెళ్లి రెండు దినములలో ముగించుకొని వత్తుమనుకొంటిమి. పదకొండు దినములు పట్టెను.

ఫోను చేయగా తెలుగు కొరకు ఒక అంకె నొక్కుమని యంత్రము పలికెను. నొక్కితిమి. మరియొకటి నొక్కుమనెను. అదియు నొక్కితిమి. కొంతసేపు సంగీతము వినిపించి ఫోను తెగిపోయెను. నాలుగవమారు ఒక అమ్మాయి మర్యాదగా మాటలాడి, ఒక్క దినములో మనిషి వచ్చునని చెప్పెను. సొమ్ము ముందే చెల్లించితిమి. ఓ.టి.పి. అనబడు సంఖ్య అక్కయ్య ఫోనుకు రాక, బెంగుళూరులో రాత్రి డ్యూటీ చేయు ఆమె కుమారుని ఫోనుకు పోయెను. అతడు నిద్ర లేచునప్పటికి దాని గడువు తీరిపోయెను. తార్నాకలోని దుకాణమున అడుగుదమని విశ్వవిద్యాలయపు చెట్లనీడలోనుండి నడిచి పోయితిమి. అమ్ముటవరకే తన పని, బిగించుట వేరొకరి పనియని దుకాణదారుడు చెప్పెను.

మూడవ దినమున మనిషి రాలేదు గాని ఒక సందేశము వచ్చెను. పని పూర్తియైనదట! గోడకు ఒక్క మేకైనను కొట్టకయే పూర్తియైనదట!

ఆరవ దినమున ఒక కుర్రవాడు స్కూటరుమీద డిష్ పెట్టుకొని వచ్చెను. ఉపగ్రహము భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున, భూమితో సమానముగా తిరుగుచు, మనకు కదలనిదానివలె కనబడును. మన ప్రాంతము ఆ రేఖకు ఉత్తరమున నున్నది గనుక డిష్ దక్షిణపు ఆకాశమును చూడవలెను. అక్కయ్య యింటికి దక్షిణమున, గోడకు గోడ ఆనుకొని అయిదంతస్తుల మేడ లేచియున్నది. దూరపు మూలలో స్తంభము పాతి, అధికముగా తీగె వేయవలెననియు, దానికి వేరుగా సొమ్ము కావలెననియు, యింటివారి సెలవు తేవలెననియు ఆ కుర్రవాడు చెప్పెను. ఇవేవియు ఫోనులో చెప్పలేదు. అయిదు దినముల కోపమంతయు వానిమీద కుమ్మరించితిమి.

అతడు తల వంచుకొని, “సార్, డిష్ బిగిస్తేనే నాకు డబ్బులు. ఊరికే తిరిగిపోతే పెట్రోలు కూడా నాదే. పని అయిందని మెసేజీ నేను పంపలేదు. గడువు దాటితే పైవాళ్లు అడుగుతారని ఎవరో అట్లా పెట్టి ఉంటారు” అనెను.

అప్పుడు అక్కయ్య మజ్జిగ గ్లాసు తెచ్చి, “తమ్ముడూ, ఇంతసేపు అరిచావు. ఆ అబ్బాయి అన్నం తిన్నాడో లేదో అడిగావా?” అనెను. మాకు నోట మాట రాలేదు.

చదువరులారా, ఆలోచించుదము. మాట యిచ్చిన అమ్మాయి ఈ కుర్రవానిని ఎరుగదు. వెల నిర్ణయించినవారు మా అక్కయ్యను ఎరుగరు. అబద్ధపు సందేశము పంపినవాడు ఎవరో ఎవరును ఎరుగరు. ఒక తప్పును పదిమంది పంచుకొనగా, ఎవరి పాలికి వచ్చినది వారికి తప్పుగా తోచదు. మన కోపమో, నీటివలె పల్లమునకే పరుగెత్తును. అందరికంటె క్రిందనున్నవానిమీద పడును.

అయితే ఎవరును దోషులు కారని ఊరకుండుటయు సరికాదు. 1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరముపాటు, మన రాష్ట్రముతో కూడ ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ఉపగ్రహముద్వారా టెలివిజను చూపిరి. ఆ దినములలో ఊరివారు ఒక్క పెట్టె యెదుట కూడి కూర్చుండిరి. ఇప్పుడు ఎవరి యింట వారే కూర్చుండి, ఎవరి చిక్కు వారే పడుచున్నాము. 2019లో వచ్చిన పద్ధతి ప్రకారము కోరిన ఛానెళ్లనే యెంచుకొని వాటికే వెల చెల్లించవచ్చును. ఉద్దేశము మంచిదే. అయినను చూపు మందగించిన ముసలమ్మకు ఆ పట్టిక చదివి చెప్పువారు లేనియెడల, అది యెంపిక అనిపించుకొనునా?

కాబట్టి కోపమును చంపుకొనవలదు. దానిని పైకి ఎక్కించవలెను. తేది, చెల్లించిన సొమ్ము, వచ్చిన సందేశము వ్రాసి పెట్టుకొని, ఆ సంస్థలో ఫిర్యాదులు వినువారికి పంపవలెను. వారు వినకున్న 1915 అను నంబరుకు ఫోను చేసిన వినియోగదారుల సహాయ కేంద్రమువారు పలుకుదురు. మేము ఆలాగే వ్రాసి పంపితిమి. ఆ కుర్రవాని తప్పేమియు లేదని కూడ అందులో వ్రాసితిమి.

పదకొండవ దినమున, యింటివారు సెలవియ్యగా, అతడే వచ్చి డిష్ బిగించెను. అక్కయ్య వానికి అన్నము పెట్టెను. మేము క్షమించుమని అడిగితిమి. అతడు నవ్వి, “రోజూ తిడతారు సార్, అడిగింది మీరొక్కరే” అనెను. ఆ మాట తిట్టుకంటె గట్టిగా తగిలెను.

ఇంకొకటి దాచకుండ చెప్పవలెను. ఊరికి తిరిగి వచ్చి మా దర్శనముల పుస్తకము తెరచితిమి. పాలెములో మంచము పట్టిన ఒక తాతగారి పేరెదుట, దర్శించినట్లు మా చేతి వ్రాత యున్నది. ఆ దినము వాన వచ్చుచున్నదని వాకిటనుండియే పలుకరించి మరలితిమి. పని పూర్తియైనదని వ్రాసినది మేమే! అవునన్న మాట అవునుగానే యుండవలెనని బోధించువారము, అంబర్‌పేటలో ఎవనిమీద మండిపడితిమో వాని పనియే చేసితిమి.

ఆ వ్రాతను కొట్టివేసి, చెప్పులు తొడుగుకొని పాలెమునకు బయలుదేరితిమి. మీ పుస్తకములను మీరును ఒకసారి తెరచి చూచుకొనుడి.