ముందు ఇంటికి రా బిడ్డా, వనం ఎక్కడికీ పోదు

కల్లు తాగొద్దని చెప్పడానికి కాదు బిడ్డా నిన్ను పిలిచింది. ఆ మాట అంటే నువ్వు బుద్ధిగా తలూపుతావు, సందు మలుపు తిరగ్గానే బండి అటే మళ్లిస్తావు. తాటివనం నీడన మన తాతలూ కూర్చున్నారు. పండక్కి ఇంట్లో ముసలమ్మలు కూడా ఇంత పుచ్చుకునేవాళ్లు. అది తప్పని నేననను. నేను చెప్పేది ఒక్కటే. షిఫ్టు దిగి నేరుగా వనానికి పోకు. ముందు ఇంటికి రా. తానం చేయి, కడుపునిండా తిను, మంచినీళ్లు తాగు. ఆ తర్వాత పో.

మీరు పోయే తీరు రోజూ చూస్తూనే ఉన్నా. మూడు గంటలకు బొగ్గుబాయిలో ఫస్ట్ షిఫ్టు దిగుతారు. ల్యాంప్ రూంలో ల్యాంపు అప్పజెప్పిందాకా కూడా ఆగరు, ఫోన్లలో మాటలైపోతాయి. యైటింక్లైన్ కాలనీ నుంచి ఇద్దరు, గోదావరిఖని నుంచి ఇద్దరు, రెండు బండ్లు, మంథని రోడ్డు. పొద్దున ఆరింటికి కట్టుకున్న టిఫిన్ బాయి కింద ఎప్పుడో పదింటికి తిన్నారు. ఆ తర్వాత అంతా చెమటే. ఒంట్లో నీళ్లు లేవు, కడుపులో మెతుకు లేదు. అట్లాంటి కడుపులో మొదటి సీస పడితే అది కల్లు పని చేయదు, సారా పని చేస్తుంది. నీకేమో దాహం తీరినట్టే ఉంటుంది. తీరదు. మత్తు ఉన్న నీళ్లను ఒళ్లు బయటికే తోలుతుంది. అక్కడ అమ్మే గుడాలు, బోటి, చేపముక్కలు తింటున్నాం కదా అంటావు. అవి తిండి కాదు బిడ్డా. ఉప్పూ కారం దాహాన్ని పెంచుతాయి, ఆ దాహం ఇంకో సీస అడుగుతుంది. ఇంట్లో తినొచ్చినవాడు ఒక సీసతో లేస్తాడు. ఆకలితో వచ్చినవాడు లేవడు. అందుకే ముందు ఇంటికి రమ్మంటున్నా.

ఇక ఏ కల్లు తాగుతున్నావో అది చూసుకో. గౌండ్లాయన పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతాడు. గెల కొసన పల్చగా చెక్కు తీసి లొట్టి కడతాడు. తెల్లారి దించితే పైన తెల్లటి నురుగు, అందులో నాలుగు తేనెటీగలు, అంచున చీమలు. గుడ్డతో వడగట్టి తాటాకు రేకలో పోస్తే అప్పుడు తీపి. ఎండ ఎక్కుతున్నకొద్దీ పులుస్తుంది. సాయంత్రానికి నూటికి నాలుగైదు పాళ్ల మత్తు పడుతుంది, అంటే బీరుతో సమానం. ఆ మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. చెట్టు కల్లుకు ఉన్న గుణమే అది, గంట గంటకూ మారుతుంది. ఏ పొద్దు పోయినా ఒకే తీపి, ఒకే తెలుపు, చుట్టుపక్కల చూస్తే చెట్టన్నదే లేదు, అట్లాంటి దుకాణం ముందు బండి ఆపకు.

ఎందుకంటావా? మత్తు కోసం అందులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు, తీపికి శాకరిన్. అల్ప్రాజోలం, డైజిపాం డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి దిక్కు దుకాణాల్లో కల్లు తాగి ఎంతమంది దవాఖానల పాలయ్యారో పేపర్లో చదివావు కదా. కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా పోయినవాళ్లున్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అంతకు ముందు 2015 సెప్టెంబర్‌లో కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపేస్తే, నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు జనం ఫిట్స్ వచ్చి, మతి తప్పినట్టు మాట్లాడుతూ దవాఖానల్లో బారులు తీరారు. ఆ మత్తుమందుకు అలవాటుపడ్డ ఒళ్లు అది. వాళ్లంతా కూలి చేసుకునేవాళ్లే, కష్టం మరవడానికి పోయినవాళ్లే. నీలాగే వాళ్లూ చెడ్డవాళ్లు కారు.

చెట్టెక్కే మనిషిని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశావా? మోకును చేత్తో నిమిరి, ఎక్కడైనా పురి వదిలిందేమోనని చూసుకోనిదే కాలు పైకి పెట్టడు. తన దేవుడు కాటమయ్యకు మొక్కుకోనిదే ఎక్కడు. పడి నడుములు విరిగినవాళ్లను చూశాడు కాబట్టే అంత జాగ్రత్త. 2024లో ప్రభుత్వం కాటమయ్య పేరు మీదే రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. నువ్వూ టోపీ, ల్యాంపు చూసుకోనిదే బాయి దిగవు కదా. ఇద్దరూ ప్రాణాలతో పనిచేసేవాళ్లే. ఆయన అంత జాగ్రత్తగా దించిన కల్లు తాగి, నువ్వు అంత అజాగ్రత్తగా బండెక్కుతావేం?

ఆ రోడ్డు నీకు తెలియనిదా! బూడిద లారీలు, బొగ్గు టిప్పర్లు, చీకటి పడితే ఎదుటి లైట్లకు కళ్లు బైర్లు కమ్ముతాయి. కల్లే కదా, విస్కీ కాదు కదా అంటావు. పోలీసు మీటరుకు ఆ తేడా తెలియదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. ఖాళీ కడుపున పులిసిన కల్లు ఒక్క పెద్ద సీస చాలు ఆ గీత దాటించడానికి. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. అయినా జరిమానాకు నేను భయపడటం లేదు. టిప్పర్ టైరుకు భయపడుతున్నా.

సెకండ్ షిఫ్టుకో, నైట్ షిఫ్టుకో పోయే ముందు మాత్రం చుక్క కూడా ముట్టకు. ఇందులో బేరం లేదు. తాగి గనిలో ఉండకూడదని చట్టమే ఉంది. అది నీ ఒక్కడి ప్రాణం గురించి కాదు, పైకప్పు కింద నీ పక్కన నిలబడ్డవాళ్ల ప్రాణం గురించి కూడా. మర్నాడు తల పట్టేసి మస్టరు, అంటే ఆ రోజు హాజరు, పోగొట్టుకోవడం ఇంకొకటి. బాయి కింద పనిచేసేవాడికి ఏడాదిలో తగినన్ని మస్టర్లు పడితేనే చట్టప్రకారం జీతంతో సెలవుల లెక్క. బోనస్ లెక్కా మస్టర్ల మీదే. వారానికొకటి పోయినా ఏడాది చివర ఎన్నయ్యాయో నువ్వే కూడుకో. మీ బాపు ఒళ్లు అరిగి అన్‌ఫిట్ అయితే నీకొచ్చిన నౌకరి అది.

ఇక ఇంటి మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు, మరుసటేడు అక్టోబర్ 1న సారా బందైంది. చాలామంది దాన్ని తాగుడు మీద కొట్లాట అనుకుంటారు. నన్నడిగితే అది ఇంటికి రాని కూలి కోసం, ఇంటికి రాని మనిషి కోసం జరిగిన కొట్లాట. ఇక్కడ కోడలు పిల్ల మూడున్నరకే నీళ్లు కాగబెడుతుంది. నాలుగున్నరకు మళ్లీ కాగబెడుతుంది. నువ్వు ఎనిమిదింటికి వస్తావు. ఆమె ఏమీ అనదు. అనలేదు కాబట్టి ఏమీ లేదనుకోకు. ఒక్క గంట ఇంటి మొహం చూసి, చెప్పి పో. చెప్పి పోయినవాడు వేళకు తిరిగొస్తాడు, ఎదురుచూసేవాళ్లున్నారని గుర్తుంటుంది.

ఈ ఆదివారం నీకు ప్లేడే డ్యూటీ లేదన్నావు కదా. నేనే తీసుకుపోతా, కమాన్‌పూర్ దిక్కు నాకు తెలిసిన గౌండ్లాయన ఉన్నాడు. ఒక లొట్టి మనకు ఉంచమని రేపే ఫోన్ చేసి చెబుతా. పొద్దున ఇంట్లో తినే బయలుదేరుదాం, ఎండెక్కక ముందే. బండి తీయకు, ఆటో మాట్లాడతా. కోడలు పిల్లను నాలుగు సర్వపిండ్లు డబ్బాలో పెట్టమను, చెట్టు దిగొచ్చిన మనిషికీ ఒకటి ఇవ్వాలి. పదకొండింటికల్లా వచ్చేయాలి మరి, మీ అమ్మ నాటుకోడి వండుతానంది.