రంగు పటమునకు అంటునా?

14వ శతాబ్దివాడగు విద్యారణ్యస్వామి పంచదశిలోని చిత్రదీపప్రకరణమున పరమాత్మకు నాలుగవస్థలు చెప్పుచు, ఉతికినది, గంజిపెట్టి బిగువెక్కించినది, రేఖలు గీసినది, రంగులు నింపినది అను నాలుగు తీరుల చిత్రపటమునే దృష్టాంతముగా గైకొనెను. శుద్ధచైతన్యము, అంతర్యామి, సూత్రాత్మ, విరాట్టు అనునవి వరుసగా వానికి సాటి.

ఈ దృష్టాంతమును బట్టలకొట్టులో పరీక్షించుట మేలని నా నమ్మకము. శ్రీకాళహస్తి కలంకారీకై నూలుగుడ్డ కొనువాడు దానిని వెలుతురున కెత్తిపట్టి నేత చూడవలెను, వ్రేళ్ళతో నలిపి గంజి యెంతయున్నదో కనుగొనవలెను. ఆ గంజి పోవువఱకు ఉతికి, కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో ముంచి యెండబెట్టినగాని దానిపై కలము సాగదు: పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు, కరక్కాయ వగరు, ఇనుమును బెల్లపునీట ఊరవేసిన ద్రవముతో కలిసి నల్లనై, పోగులోనే నిలిచిపోవును.

తైలవర్ణములకు కొను కాన్వాసు సంగతి వేఱు. అవిసెనూనె తగిలినచో నారబట్ట కాలక్రమమున పెళుసెక్కి చివుకును గనుక, ముందుగా జిగురును, దానిపై తెల్లని పూతను పట్టించి, రంగునకును పోగునకును నడుమ అడ్డు కల్పింతురు. రంగంతయు పూతమీదనే. రంగువంటి జగత్తు పటమువంటి బ్రహ్మమును అంటదను అద్వైతి కోరునది ఇట్టి పటమే; విద్యారణ్యుల గంజి మాయాస్థానీయము గదా!

కలంకారీగుడ్డయో, ఏటినీట నెన్ని మాఱులు జాడించినను రంగు విడువదు. జగత్తు బ్రహ్మమునుండి నిజముగ పరిణమించినదా, వివర్తమై తోచుచున్నదా యను వాదమున ఆ గుడ్డ పరిణామవాదికే సాక్ష్యము పలుకునని నాకు తోచుచున్నది. అయినను ఆ నలుపులో పోగు నూలుగనే యున్నదన్న మాటను అద్వైతి విడిచిపెట్టడు.