మాట రాని అమానతు

"కన్నతల్లికి బిడ్డ బాధ తెలియదా?" అని మన ఇళ్లలో సులువుగా అనేస్తుంటారు. ప్రసవమైన మరుక్షణమే తల్లికి బిడ్డ భాష వచ్చేస్తుందని చాలామంది అభిప్రాయం. అందుకే పసివాడు ఏడుపు ఆపకపోతే అందరి చూపులూ ఆమె మీదికే మళ్లుతాయి. ఆమె కూడా "నేను మంచి తల్లిని కానేమో" అని లోలోపల కుమిలిపోతుంది. మరి ప్రేమ ఒక్కటే సరిపోతుందా? లేక ప్రేమ ఉన్నవారు నేర్చుకోవలసింది కూడా ఏమైనా ఉందా?

మాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగిన సంగతి. మూడు నెలల పసివాడు మగ్రిబ్ వేళ మొదలుపెట్టిన ఏడుపు ఇషా దాటినా ఆపలేదు. పాలు చాలడం లేదన్నారు అత్తగారు. నజర్ తగిలిందన్నది పక్కింటావిడ. కడుపునొప్పి అయి ఉంటుందని తండ్రి మందుల షాపుకు పరుగెత్తాడు. చివరకు ఆ తల్లి బిడ్డను లైటు కింద పడుకోబెట్టి, బట్టలన్నీ విప్పి తల నుంచి పాదాల దాకా చూసింది. సాక్సు తీయగానే కనిపించింది. కాలి చిటికెన వేలికి ఒక వెంట్రుక బిగుసుకొని, వేలు ఎర్రగా ఉబ్బి ఉంది. ఆ వెంట్రుక తల్లిదే. ప్రసవమైన కొన్ని నెలలకు జుట్టు ఊడటం మామూలే. అలా ఊడిన వెంట్రుక పసివారి వేలికి చుట్టుకుంటే రక్తప్రసరణ ఆగి వేలికే ముప్పు రావచ్చు. వెంటనే డాక్టరు దగ్గర తీయించారు. వేలు దక్కింది, అల్‌హమ్దులిల్లాహ్!

ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. అందరూ బిడ్డ గురించి మాట్లాడారు. బిడ్డను పరికించి చూసింది మాత్రం ఒక్కరే.

అల్లాహ్ మానవులను తల్లుల గర్భాల నుండి ఏమీ తెలియని స్థితిలో వెలికి తీశాడనీ, వారు కృతజ్ఞులు కావాలని వినికిడినీ, చూపునూ, హృదయాలనూ ప్రసాదించాడనీ దివ్య ఖుర్ఆన్ (నహ్ల్ : 78) తెలుపుతోంది. ఈ మాటను మనం బిడ్డకే వర్తింపజేస్తాం. కాని తొలిసారి తల్లి అయిన స్త్రీ కూడా తల్లిగా బిడ్డ అంత వయసుదే. ఆమె నేర్చుకోవలసిందీ ఈ మూడు వరాలతోనే. వాటిని సద్వినియోగం చేయడమే వాటికి కృతజ్ఞత.

పసివారి భాషలో ఏడుపు చివరి మాట. ఆకలి వేసిన బిడ్డ ముందు తల అటూ ఇటూ తిప్పి వెతుకుతాడు, పెదవులు చప్పరిస్తాడు, పిడికిలి నోట్లో పెట్టుకుంటాడు. ఎవరూ గమనించకపోతే ఏడుస్తాడు. ముఖం పక్కకు తిప్పుకుంటే తరచూ "ఇక చాలు" అని అర్థం. మోకాళ్లు కడుపులోకి ముడుచుకోవడం, వీపును విల్లులా వంచడం ఏదో ఇబ్బందికి గుర్తు కావచ్చు. కొందరు ఏ కారణమూ దొరకకుండానే ఏడుస్తారు. సాధారణంగా ఆ ఏడుపు ఆరు వారాల ప్రాంతంలో ఎక్కువై, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. అందులో తల్లి తప్పేమీ లేదు. అయితే మూడు నెలలలోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకు మించి జ్వరం వచ్చినా, పాలు తాగడం మానేసినా, ఏడ్చే ఓపిక లేక మత్తుగా పడి ఉన్నా తక్షణం డాక్టరుకు చూపించాలి. బిడ్డ ఏడవడం లేదంటే సుఖంగా ఉన్నాడనే అర్థం కాదు.

మాట రానివారి బాధను లెక్కచేయకపోవడం మన ఇళ్లలోనే జరగలేదు. 1980ల వరకు పాశ్చాత్య దేశాల పెద్ద ఆసుపత్రుల్లో సైతం నవజాత శిశువులకు తగినంత మత్తుమందు లేకుండానే ఆపరేషన్లు చేసిన సందర్భాలున్నాయి. వారికి నొప్పి అంతగా తెలియదని అప్పటి వైద్యుల్లో చాలామంది నమ్మకం. నెలలు నిండని శిశువులకు నొప్పి తెలియకుండా మందు ఇచ్చి ఆపరేషన్ చేస్తే, వారి శరీరాలపై ఒత్తిడీ, తరువాతి చిక్కులూ తగ్గుతాయని భారత సంతతి వైద్యుడు డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్, ఆయన సహచరులు 1987లో చూపించారు. ఆ పసివారు ముఖం ముడిచి, పిడికిళ్లు బిగించి అంతకాలం చెబుతూనే ఉన్నారు. చదువుకున్న పెద్దలే వినలేదు.

హజ్రత్ హాజిరా (అలైహస్సలాం)ను తలచుకోండి. మక్కా లోయలో తిత్తిలోని నీళ్లు అయిపోయాయి. పసివాడైన ఇస్మాయీల్ (అలైహిస్సలాం) నోటితో నీళ్లు అడగలేదు, దాహంతో గిలగిలలాడారు. అది చూడలేక ఆ తల్లి సఫా, మర్వాల మధ్య ఏడుసార్లు తిరిగారు. నేటికీ హజ్, ఉమ్రాలకు వెళ్లినవారు సయీ చేస్తూ ఆ తల్లి అడుగుజాడల్లోనే నడుస్తున్నారు.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సుదీర్ఘంగా నమాజు చేయించాలని నిలబడి కూడా, పసివాడి ఏడుపు వినిపిస్తే తల్లి పడే వేదనను తలచి నమాజును తగ్గించేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఆయన చెవికి సోకింది బిడ్డ ఏడుపు, ఆయన గ్రహించింది తల్లి వేదన! ఈ మాట భర్తలూ, అత్తమామలూ మనసున పెట్టుకోవాలి. బాలింత కూడా నోరు విప్పలేని మనిషే. నిద్ర లేక ఎర్రబడిన కళ్లు, ముట్టని అన్నం, కారణం లేని కన్నీళ్లు ఆమె సంకేతాలు. వాటిని చూసినవారు సలహా ఇచ్చే ముందు బిడ్డను కాసేపు ఎత్తుకొని ఆమెను నిద్రపోనివ్వాలి. ఆ దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి.

పేదల్లో కొందరు చేయి చాపి అడగరనీ, తెలియనివాడు వారిని కలిగినవారనుకుంటాడనీ, వాలకాన్ని బట్టి వారిని గుర్తించవచ్చనీ ఖుర్ఆన్ (బఖరా : 273) బోధిస్తోంది. ఉయ్యాల దగ్గర తల్లి నేర్చుకునే పాఠం సరిగ్గా ఇదే. అడగలేనివాడి అవసరం తెలుసుకునే భారం చూడగలిగినవారిపై ఉంది. ఆ చూపు ఉయ్యాల దగ్గరే ఆగిపోకూడదు. మంచం పట్టిన మామగారి దాకా, అప్పు అడగలేక గుమ్మంలోంచే వెనుదిరిగిన బంధువు దాకా అది వెళ్లాలి.

అల్లాహ్ మనకిచ్చిన కళ్లకు చూసే భాగ్యాన్నీ, చెవులకు వినే భాగ్యాన్నీ, హృదయాలకు గ్రహించే భాగ్యాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.