తలుపు తీయనంటే కాసేపు ఆగు

ముందు ఆ హ్యాండిల్ మీంచి చెయ్యి తియ్యి చిన్నా.

ఫోన్లో నీ ఆయాసం వింటేనే తెలిసింది, ఒక కాలు మెషిన్‌కి ఆనించి రెండు చేతులా లాగుతున్నావని. ఆ హ్యాండిల్ ప్లాస్టిక్‌ది. దాని వెనక ఉన్నదల్లా ఒక చిన్న ఇరుసు, ఒక స్ప్రింగు, ఒక కొక్కెం. తాళం పడి ఉన్నప్పుడు నువ్వు పెట్టే బలమంతా ఆ ప్లాస్టిక్ మీదే పడుతుంది, తాళం ఇసుమంత కూడా కదలదు. చివరికి హ్యాండిల్ నీ చేతిలోకి వస్తుంది, తలుపు మాత్రం మూసే ఉంటుంది. అప్పుడు ఒక రిపేరు కాస్తా రెండవుతుంది. ఆఫీసు చొక్కాలు లోపలున్నాయన్నావు. ఉండనీ. తడిబట్టలు ఒక పూట మగ్గితే కాస్త వాసనేస్తాయి, ఇంకోసారి జాడిస్తే పోతుంది. రేపు ఇస్త్రీ లేని చొక్కా తొడుక్కెళ్తే నిన్నెవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. అమ్మ పంపిన ఎర్ర తువ్వాలు కూడా వాటితోనే వేశావేమో అన్నదే నా దిగులు. వేసే ఉంటావు.

సరే, కుర్చీ లాక్కుని కూర్చో. ఇంటర్ పిల్లలకి ఏళ్ల తరబడి ఫిజిక్సు చెప్పిన పెద్దమ్మని, ఊరికే ‘ఇది నొక్కు, అది తిప్పు’ అనడం నాకు చేతకాదు. ఆ తలుపు ఎందుకు బిగుసుకుందో తెలిస్తే ఎలా తీయాలో నీకే తడుతుంది.

నీది ఫ్రంట్ లోడ్. టాప్ లోడ్ మెషిన్లలో మూత పైనుంటుంది, మధ్యలో ఎత్తినా నీళ్లు పోవు. నీదానికి తలుపు పొట్ట మీద ఉంది. ఉతుకుతున్నప్పుడు తెరిచావంటే వాష్ ఏరియా దాటి హాల్లోకి వస్తాయి నీళ్లు. అది ఒకటి. రెండోది తిరుగుడు. స్పిన్ 1200 మీద పెట్టావనుకో, నిమిషానికి 1200 అంటే సెకనుకి 20 చుట్లు. డ్రమ్ము అడ్డంగా దాదాపు అర మీటరుంటుంది కాబట్టి దాని అంచు గంటకి 100 కిలోమీటర్లకి పైగానే పోతున్నట్టు లెక్క. కరెంటు తీసేసినా అది టక్కున ఆగదు, కాసేపు తిరుగుతూనే ఉంటుంది. అందులో చెయ్యి పెడితే, తిరుగుతున్న చొక్కా చేయి నీ చేతికి చుట్టుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మూడోది వేడి. కాటన్ బట్టలకని 60 డిగ్రీలు, 90 డిగ్రీలు పెడతారు కొందరు. ఆ నీళ్లు చల్లారేదాకా చాలా మెషిన్లు తలుపు వదలవు.

అంటే, తలుపు రావట్లేదంటే చాలాసార్లు మెషిన్ చెడిపోయిందని కాదు. లోపల ఈ మూడింట్లో ఏదో ఒకటి ఇంకా ఉందని అది నమ్ముతోంది. అది నిజమా, భ్రమా తేల్చడమే మన పని.

తాళం సంగతి కూడా విను. చాలా మెషిన్లలో అది రెండు లోహాల పట్టీతో పనిచేస్తుంది. నేను చెప్తుంటే నువ్వు ఆవలించిన పాఠమే. రెండు లోహాలు అతికించిన పట్టీని వేడిచేస్తే ఒకటి ఎక్కువ సాగుతుంది, ఇంకోటి తక్కువ సాగుతుంది, పట్టీ వంగుతుంది. ఇస్త్రీపెట్టెలో వేడి మించగానే కరెంటు ఆపేది అదే. ఇక్కడ తాళంలో, కరెంటు అందగానే వేడెక్కే చిన్న బిళ్ల ఒకటుంటుంది. దాని వేడికి పట్టీ వంగి, ఒక పిన్నుని నెట్టి, కొక్కేన్ని పట్టుకున్న పలకని కదలనివ్వదు. అప్పుడు లోపలి కాంటాక్టులు కలిస్తేగానీ మోటారుకి కరెంటు పోదు. తలుపు సరిగ్గా పడకపోతే మెషిన్ మొదలవనిది అందుకే. పని అయ్యాక కరెంటు ఆగితే బిళ్ల చల్లారాలి, పట్టీ నిటారు కావాలి. దానికి ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఒక్కోసారి మూడు పడుతుంది. పాట మోగగానే పరిగెత్తుకెళ్లి లాగితే రాదు. డ్రమ్ము పూర్తిగా ఆగేదాకా నీ చేతిని బయటే ఉంచడానికి ఆ ఆలస్యం భలే పనికొస్తుంది, నా మటుకు ఈ ఏర్పాటు చేసినవాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఈమధ్య వస్తున్న వాటిలో పట్టీకి బదులు సొలినాయిడ్ కాయిల్ పెడుతున్నారు. దానికి తాళం వెయ్యడానికీ కరెంటు కావాలి, తియ్యడానికీ కావాలి. మధ్యలో కరెంటు పోతే ఎంతసేపు నిలబడ్డా రాదు. మీ అపార్ట్‌మెంట్లో జనరేటరుంది కదా అనకు. చాలాచోట్ల అది ఇంట్లో లైట్లకీ ఫ్యాన్లకీ మాత్రమే ఇస్తారు, వాషింగ్ మెషిన్ ప్లగ్గుకి ఇవ్వరు. కాబట్టి ముందు ఆ ప్లగ్గులో కరెంటుందో లేదో చూడు. ఫోన్ చార్జరు పెట్టి చూసినా చాలు.

కరెంటు ఉందా? అయితే ఇప్పుడు కిందకి వంగి అద్దంలోంచి చూడు. నీళ్లు కనిపిస్తున్నాయా?

కనిపిస్తే జబ్బు దొరికినట్టే. తలుపు తప్పేమీ లేదు, నీళ్లు పోవట్లేదు. తెర మీద అక్షరాలేమైనా వచ్చాయేమో చూడు. ఎల్‌జీ వాటిలో ‘ఓఈ’ అని వచ్చినా, శాంసంగ్ వాటిలో ‘5ఈ’, ‘5సీ’ అని వచ్చినా నీళ్లు బయటికి పోలేదనే అర్థం. ఆ ముక్క తెలియక తలుపు తాళం మార్పించుకున్నవాళ్లని ఎరుగుదును. ఇంకోటి, నువ్వే రిన్స్ హోల్డ్ లాంటి బటన్ ఏదైనా నొక్కి ఉండొచ్చు. అది బట్టలు నలగకుండా చివరి నీళ్లని అలాగే ఆపి ఉంచుతుంది. అదైతే స్పిన్ ఒక్కటీ పెట్టు, నీళ్లు పోతాయి, తలుపు వస్తుంది, కథ కంచికి.

అది కాకపోతే మెషిన్ని కాస్త ముందుకి జరిపి వెనక పైపు చూడు. పనమ్మాయి తుడిచేటప్పుడు మెషిన్ని గోడకి నెట్టి ఉంటుంది, పైపు మడతపడి ఉంటుంది. దాని కొస దూర్చిన జాలీలో చెత్త అడ్డుపడినా అంతే. ఇవి చూడకుండా ఫిల్టర్ మీద పడకు.

ఇక ఫిల్టర్. మెషిన్ కింద, ముందువైపు ఒక మూలన, చిన్న మూత ఉంటుంది. రూపాయి బిళ్లతో తెరవొచ్చు. ఈ పని మొదలెట్టేముందు ప్లగ్గు పీకెయ్యాలి. స్విచ్ ఆపితే చాలదా అంటావు, చాలదు, పీకు. వేడినీళ్లతో ఉతికి ఉంటే ఓ గంటాగి చెయ్యి, లేకపోతే చేతుల మీద సలసలమనే నీళ్లు పడతాయి. మూత లోపల గుండ్రటి ఫిల్టర్ తల, దాని పక్కనే చిటికెనవేలంత రబ్బరు గొట్టం ఉంటాయి. గొట్టాన్ని బయటికి లాగి, కింద పల్చటి స్టీలు పళ్లెం పెట్టి, బిరడా తియ్యి. పళ్లెం నిండగానే బిరడా పెట్టి పారబొయ్యి, మళ్లీ తియ్యి. లోపలున్న నీళ్లు ఒక బకెట్టుకి దగ్గర్లో ఉండొచ్చు, విసుక్కోకు. గొట్టం లేని మోడలైతే ఫిల్టర్‌నే ఎడమకి పావు చుట్టు తిప్పి సన్నగా కారనివ్వాలి. ఒక్కసారిగా ఊడదీశావంటే కింది ఫ్లాటువాళ్లు తలుపు కొడతారు.

నీళ్లు ఆగాక ఫిల్టర్ పూర్తిగా తీసి చూడు. అందులో ఏముంటాయో ఇప్పుడే చెప్పగలను. నీ జేబుల్లో చిల్లర, ఒక గుండీ, రబ్బరు బ్యాండు, ఏదో రసీదు తాలూకు గుజ్జు, వెంట్రుకలు, సర్ఫు పేరుకున్న జిగురు. మా ఇంట్లో అయితే పిన్నీసులు. ఫిల్టర్‌ని పాత బ్రష్షుతో కుళాయి కింద రుద్దు. తర్వాత ఆ రంధ్రంలోకి సెల్‌ఫోన్ లైటు వేసి చూడు, చిన్న రెక్కల చక్రం కనిపిస్తుంది. వేలితో తిప్పితే కాస్త పట్టిపట్టి తిరుగుతుంది. భయపడకు, లోపల అయస్కాంతం ఉండడం వల్ల అది అలాగే తిరుగుతుంది. అసలు తిరగకపోతే ఏదో ఇరుక్కుంది, పట్టకారుతో లాగు. ఫిల్టర్‌ని మళ్లీ బిగించేటప్పుడు మరలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసుకో. వదులుగా పెడితే రేపు నీళ్లన్నీ అక్కణ్ణుంచే.

అద్దంలో నీళ్లు లేవు, అయినా తలుపు రావట్లేదంటే? అప్పుడు భ్రమ సంగతి. నీళ్లు ఎంతున్నాయో మెషిన్‌కి చెప్పేది గాలి. టబ్బు అడుగు నుంచి సన్నటి గొట్టం ఒకటి పైన సెన్సార్ దాకా పోతుంది. కింద నీళ్లు పెరిగేకొద్దీ ఆ గొట్టంలో గాలి నొక్కుకుంటుంది, ఆ ఒత్తిడిని బట్టి సెన్సార్ లెక్క కడుతుంది. గొట్టం మొదట్లో సర్ఫు జిగురు అడ్డుపడితే గాలి అక్కడే బందీ అయిపోతుంది. నీళ్లన్నీ పోయినా ఇంకా ఉన్నాయనే అనుకుంటుంది పాపం. దాన్ని శుభ్రం చెయ్యడం మెకానిక్ పని, నువ్వు చెయ్యకు.

నురగ కూడా ఇలాంటి తగువే పెడుతుంది. చేతితో ఉతికే పౌడరు వేశావా? నిజం చెప్పు. ఈ మెషిన్లు వాడేది తక్కువ నీళ్లు, వాటికి నురగ తక్కువ వచ్చే రకం కావాలి. మామూలు పౌడరు రెండు గుప్పిళ్లు వేస్తే లోపలంతా నురగే. పంపు నీళ్లనైతే తోడుతుంది, నురగని తోడలేదు. అద్దం నిండా నురగ కనిపిస్తే ఓ అరగంట వదిలెయ్, దానంతటదే కూలుతుంది. తర్వాత స్పిన్ పెట్టు.

ఇవేవీ కాకపోతే తాళం దగ్గరికే వద్దాం. పిల్లల లాక్ వెలుగుతోందేమో చూడు. ఆ బటన్ ఏదో మెషిన్ మీదే రాసి ఉంటుంది, చాలావాటికి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే పోతుంది. తర్వాత ప్లగ్గు పీకి ఒక పది నిమిషాలు వదిలెయ్. మళ్లీ పెట్టి, స్పిన్ మొదలెట్టి, ఒక నిమిషం తిరగనిచ్చి ఆపు. తాళం ఒకసారి పడి లేస్తుంది, అలా చాలాసార్లు దారికొస్తుంది. అప్పుడు కూడా లాగే ముందు, హ్యాండిల్ ఉన్న వైపు తలుపుని అరచేత్తో లోపలికి గట్టిగా నొక్కు. జీన్సులన్నీ కుక్కేస్తే అవి అద్దాన్ని బయటికి తోస్తుంటాయి, ఆ ఒత్తిడికి కొక్కెం పట్టేసుకుంటుంది. నొక్కితే వదులవుతుంది.

హ్యాండిల్‌ని చేత్తో పట్టి చూసినా సంగతి కనిపెట్టొచ్చు. బిర్రుగా, కదలకుండా ఉంటే తాళం పట్టుకునే ఉంది. వదులుగా, ఏ బిగువూ లేకుండా ఊగుతుంటే లోపల ఇరుసు విరిగి ఉంటుంది, తాళం ఎప్పుడో వదిలేసి ఉండొచ్చు. విరిగినప్పుడు కొందరు నైలాన్ దారం తలుపు సందులోకి దించి, కొక్కెం మీద పడేలా లాగి తెరుస్తారు. నీళ్లు లేకుండా, ప్లగ్గు పీకి ఉంటే నువ్వూ ప్రయత్నించొచ్చు. స్క్రూడ్రైవర్ మాత్రం దూర్చకు. రబ్బరు చిరిగితే దాని ఖరీదు ముందు తాళం ఖరీదు ఏపాటి!

కొన్ని మోడళ్లలో ఫిల్టర్ మూత వెనకాలే నారింజ రంగో ఎరుపు రంగో ప్లాస్టిక్ పట్టీ వేలాడుతుంటుంది. ఇలాంటి సమయానికే పెట్టారు దాన్ని. నీళ్లు పూర్తిగా తీశాక, మెల్లగా కిందకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. నీదానికి ఉందో లేదో మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడ పెట్టావని అడగనులే.

అన్నీ చేసినా రాకపోతే మెకానిక్‌ని పిలువు, సిగ్గేం లేదు. కానీ ఒక్క విషయంలో నా మాట విను. తాళం కాలిపోయిందని తేలాక కొందరు ‘కొత్తది ఎందుకు సార్, డైరెక్ట్ చేసేస్తాను’ అంటారు. అంటే తాళం వైర్లు కలిపేసి, తలుపు పడిందని మెషిన్‌ని నమ్మిస్తారన్నమాట. మెషిన్ బ్రహ్మాండంగా నడుస్తుంది. తలుపు తెరిచి ఉన్నా నడుస్తుంది! పక్క ఫ్లాటు బుడ్డోడు నీ ఇంట్లోనే ఆడుకుంటాడని నువ్వే చెప్పావు. వాడి చెయ్యి ఎంతుంటుందో తెలుసుగా. కాబట్టి వద్దను. గట్టిగా వద్దను. తాళం మొత్తం విప్పి కొత్తది వెయ్యమను, పాతది నీ చేతికిమ్మను. అదే మెషిన్‌కి సరిపోయే పార్టు కావాలి, దగ్గర్లో ఉందని ఏదో ఒకటి తగిలిస్తే మళ్లీ నెలకే ఇదే పాట.

పార్టు సరిగ్గా తేవాలంటే అతను ఫోన్లో మోడల్ నంబరు అడుగుతాడు. ఆ నంబరున్న స్టిక్కరు చాలా మెషిన్లకి ఎక్కడ అంటిస్తారో తెలుసా? తలుపు తెరిస్తేనే కనిపించే అంచు మీద. ఇప్పుడైతే వెనక పలక మీదో, బిల్లు మీదో వెతుక్కో. తలుపు వచ్చాక మాత్రం బట్టలు తర్వాత తియ్యి, ముందు ఆ స్టిక్కరు ఫోటో తీసి నాకూ ఒకటి పంపు. నీ ఫోన్లోవి ఎలాగూ పోగొడతావు.